నైలాన్ చీర చురుకు

పెళ్లయి హిందూపురం కాపురానికి వచ్చిన మొదటి చలికాలంలో మా ఆయన బెంగళూరు నుంచి నాకొక నైలాన్ చీర తెచ్చారు. లేత నీలం మీద తెల్ల చుక్కలు. మా అత్తగారి పుట్టిల్లు ధర్మవరం. పట్టుమగ్గాల ఇంట్లో పెరిగిన మనిషి. కొంగు రెండు వేళ్లతో పట్టి చూసి, "ఉల్లిపొట్టు మాదిరి ఉండాది" అని వదిలేశారు. ఆవిడకు మాటలు తక్కువ. నాతో పనికి మించి మాట్లాడేవారు కాదు.

ఒక మధ్యాహ్నం నేను ఆ చీర కట్టుకుని, వసారాలో మంచం మీద కంబళి పరిచి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని, వేయించిన వేరుశనగ విత్తనాలు చేటలో నలుపుతున్నాను. ఎర్రటి పొట్టంతా ఎగిరి వచ్చి చీరకు అంటుకుంటోంది. దులిపితే మళ్లీ వచ్చి వాలుతోంది. అంతలో అత్తగారు ఇత్తడి గ్లాసుతో మజ్జిగ తెచ్చారు. నేను చెయ్యి చాచగానే టప్పుమని చప్పుడైంది. ఎర్రచీమ కుట్టినట్లు ఇద్దరికీ చురుక్కుమంది. గ్లాసు జారి మజ్జిగ కంబళి పాలైంది.

అత్తగారు వసారా కప్పులోని బల్బు వైపు చూశారు. ఇంటికి కరెంటు వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

సాయంత్రం మా ఆయన అంగడి నుంచి వచ్చేదాకా ఎవరినీ గోడ తాకనివ్వలేదు. ఆయన వచ్చి మెయిన్ ఆపేశారు.

"ఆపేసినా కదమ్మా. ఇంక యాడ నుంచి వస్తాది?"

అప్పటికి నేను ఆరిన కంబళి మీద మళ్లీ కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడ పరీక్షగా నా చేతిని తాకారు. మళ్లీ చురుక్కుమంది.

"తీగలో లేదు. ఈ పిల్లలో ఉండాది" అన్నారు నెమ్మదిగా.

మా ఆయన పడీపడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు నా చెయ్యి తగలకుండా అన్నం పళ్లెం కింద పెట్టి, ముందుకు జరిపారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పెనుకొండ హైస్కూల్లో మా సైన్సు అయ్యవారు గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్ది కాగితం ముక్కలు లేపి చూపించడం అప్పుడు గుర్తొచ్చింది. లాంతరు గాజు కడిగి బాగా ఎండబెట్టాను. అత్తగారి దగ్గరికి వెళ్లి పాత పట్టు రవిక ముక్క ఒకటి అడిగాను. ఎందుకనలేదు, ఇచ్చారు. గాజును దాంతో గట్టిగా రుద్ది చేటలోని పొట్టు మీద పట్టాను. పొట్టు లేచి వచ్చి గాజుకు అతుక్కుంది.

"ఇది మా ధర్మవరం పట్టే కదా? దీంట్లో గూడా కరెంటు ఉండాదా?"

"అన్నిట్లో ఉంటాది అత్తా. రుద్దినప్పుడు ఒకదాంట్లోది కొంచెం ఇంకోదాంట్లోకి పోతాది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతాది. మళ్లీ సమం కావాలని చూస్తాది. మనకు కుట్టిన చురుకు అదే."

"అయితే నీ తప్పేం లేదు."

"నాది గాదు, చీరది గూడా గాదు. గాలి పొడిగా ఉండాది కదా, అందుకే ఎక్కువ. వానాకాలం తేమకు నిలవదు."

ఆవిడ నా చేతిలోంచి గాజు తీసుకున్నారు. కొంగు నడుముకు దోపి తనే రుద్దారు. పొట్టు లేచింది. ఇంకా గట్టిగా రుద్దారు. పాలావిడ వచ్చి వాకిట్లో పిలుస్తున్నా పలకలేదు.

"బడిలో ఇంకేం చెప్పినారు మీకు?" అని అడిగారు.

ఆవిడ బడి గడప తొక్కలేదని నాకు అప్పుడే తెలిసింది. ఉరుము కన్నా మెరుపు ముందు ఎందుకు కనబడుతుందో చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం ఆవిడే చేట తెచ్చి నా పక్కన, మంచం మీదే కూర్చున్నారు.

ఆ తర్వాత ఆవిడ ధర్మవరం వెళ్లి నాలుగు రోజులుండి వచ్చారు. బస్సు దిగి ఇంటికి రాగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా నాతో చెప్పారు.

"మా అక్కకు గాజు రుద్ది చూపిస్తినే. దయ్యమని లోపలికి పాయ. నేనే చెయ్యి పట్టి తీసుకొచ్చి, నువ్వు చెప్పినట్లే అంతా చెప్పినా."

"అర్థమైందా ఆమెకు?"

"సగం అయింది. మిగతాది నువ్వొచ్చి చెప్పాల. వచ్చే నెల ఇద్దరం పోదాం."