వాలేసి తిప్పిన గిన్నె

వాలేసిని ఫలానా పని చెయ్యొద్దని ఎవరైనా అన్నారంటే ఆ పని అయిపోయినట్టే. అలాగని గొడవమనిషి కాదు. నౌసోరీ ఊళ్ళో నాతోపాటే బళ్ళో లెక్కలు చెబుతుంది, సాయంత్రం బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోతుంది. కానీ ఒకచోట మాత్రం ఆవిడకి నిద్ర రాదు. అది మేమిద్దరం చదువుకున్న సూవా యూనివర్సిటీ.

లెక్కల టీచరైన ఈ మనిషే రెండో ఏడు లెక్కల్లో తప్పింది. ఇక చదువు ముగిసిందనుకుని పెట్టె సర్దుకుని పడవెక్కి కడావు దీవికి, వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. అక్కడ నాలుగేళ్ళు కర్రపెండలం తవ్వింది. ఒకనాడు రేవులో ఎవరో పాత విద్యార్థి మాటల్లో మాటగా, "తప్పిన పేపరు మళ్ళీ రాయొచ్చు కదమ్మా" అన్నాడట.

"ఆ ఒక్క ముక్క చెప్పే దిక్కులేక నాలుగేళ్ళు మట్టిలో పోశానే వేణీ," అంటుంది ఇప్పటికీ, పళ్ళు కొరుకుతూ.

పాత విద్యార్థుల సంఘం ఒకటి ఉంది లెండి. ఏటా హోటల్లో విందు చేస్తుంది. టైలు, చొక్కాలకి పేర్ల బిళ్ళలు, ఉపన్యాసాలు. చదువుకునే పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి ఒక పాట పాడి వెళ్ళిపోవాలి. హాస్టల్లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు పెట్టె సర్దుకుంటూనే ఉన్నారు. వాలేసి సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది, నన్ను లాక్కుని.

"ఈసారి హాస్టల్ వెనక షెడ్డులో కూర్చుందాం సార్. పాతవాళ్ళూ పిల్లలూ కలిసి. ఊరికే కబుర్లు."

"కుర్చీల్లేకుండానా?"

"చాపలున్నాయి కదా."

ఆయన చాలాసేపు పెన్ను తిప్పాడు. "ఒక్కసారికి ఒప్పుకుంటాను. పెద్దవాళ్ళలో ఎవరైనా నొచ్చుకున్నారో, మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు."

శనివారం మధ్యాహ్నానికి షెడ్డు నిండిపోయింది. వాలేసి వాళ్ళ పిన్నులు చాపలు పరిచారు, కొబ్బరిపాలలో చేపలు వండారు. నేను పప్పు వడలూ టమాటా చట్నీ పట్టుకెళ్ళాను. మా ముత్తాత ఓడెక్కి ఈ దీవుల చెరుకు తోటల్లోకి కూలీకి వచ్చినప్పటినుంచీ మా ఇంట్లో మారనివి ఆ వడలే. మధ్యలో, అందరూ కలిసి తాగడానికి యంగోన వేరు దంచి నీళ్ళలో కలిపే పెద్ద కొయ్యగిన్నె. "ఇవాళ హోదాలేం లేవు, ఎవరిష్టం వచ్చినచోట వాళ్ళు కూర్చోండి!" అని అరిచింది వాలేసి.

ఎవరిష్టం వాళ్ళది అన్నాక ఏం జరుగుతుంది? ఎవరి చోటు వాళ్ళకి తెలుసు కనుక అక్కడే కూర్చున్నారు. పై చివర రాతు వెరెనీకి అనే పెద్దాయన కూర్చున్నాడు. వాలేసి వాళ్ళ వైపు దొర (రాతు అంటే దొరే), రిటైరైన పెద్ద ఆఫీసరు, మా అందరికంటే ముందు ఇక్కడే చదివినవాడు. ఆయన పక్కన ఇంజనీర్లు, డాక్టర్లు. పిల్లలు కింది చివర, గుమ్మం దగ్గర. గిన్నెకి కట్టిన గవ్వల తాడు ఎటు చూపిస్తే పెద్దరికం అటు. ఆ తాడు తిన్నగా రాతు మోకాళ్ళ వైపు ఉంది. పెట్టింది ఎవరనుకున్నారు? వాలేసే! చేతికి అలవాటు మరి.

ఇక పైవాళ్ళు రగ్బీ గురించీ, మోకాలి నొప్పుల గురించీ మాట్లాడుకుంటున్నారు. పిల్లలు యంగోన కలిపి, వంగి వంగి వెళ్ళి కొబ్బరి చిప్పలు అందించి, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి వెనక్కి వస్తున్నారు. హోటల్లో గుమ్మం బయట నిలబడ్డవాళ్ళు ఇక్కడ గుమ్మం లోపల కూర్చున్నారు, అంతే తేడా. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు తెబోరా అనే పిల్ల నెమ్మదిగా లేచింది. కిరిబాతీ దీవుల నుంచి వచ్చిన పిల్ల, రెండు పేపర్లు తప్పింది.

"ఎక్కడికే?" అంది వాలేసి.

"హాస్టల్‌కి, అక్కా. సర్దుకోవాలి. బుధవారం విమానం."

"ఇక్కడ ఎవరితోనైనా మాట్లాడావా?"

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదా అక్కా, మధ్యలో ఎలా?"

వాలేసి వెళ్ళి గిన్నెని రెండు చేతులా పట్టుకుని గిర్రున తిప్పేసింది. యంగోన చాప మీదికి తొణికింది. గవ్వల తాడు గుమ్మం వైపు, తెబోరా కాళ్ళ ముందు పడింది.

నాకు భయమేసింది, దాంతోపాటే గర్వంగానూ అనిపించింది.

"వాలేసీ, ఏమిటిది?" అన్నాడు రాతు.

"గిన్నె తిప్పాను, రాతూ."

"కనబడుతోంది. ఎటు తిప్పావో తెలుస్తోందా నీకు?"

"ఎవరికోసం మిమ్మల్నందర్నీ పిలిచానో అటు తిప్పాను."

"మీ నాన్నకి తెలిస్తే ఏమంటాడు?"

"తిడతాడు. నేను పడతాను. కానీ మొదటి చిప్ప ఆ పిల్లకే."

రాతు లేచి బయటికి నడిచాడు. ఆయన వెంట పై వరసలో సగం మంది వెళ్ళిపోయారు. కార్యదర్శి కూడా లేచాడు, మొహం కందగడ్డలా అయింది. "ఇదే ఆఖరు, వాలేసీ!"

"ఆఖరిదైతే ఇంకా బాగా జరగాలి సార్. కూర్చోండి."

ఏమనుకున్నాడో, ఆయన కూర్చున్నాడు. వాలేసి తెబోరా ముందు మోకాళ్ళ మీద కూలబడి చిప్ప ముంచింది. "పోటా, పాటా? చిప్ప నిండానా, సగమేనా?"

"పాటే అక్కా. పోటు తాగితే మునిగిపోతాను." ఎవరో కిసుక్కున నవ్వారు. తెబోరా గటగటా తాగి చిప్ప తిరిగిచ్చింది.

"ఇప్పుడడుగు."

ఆ పిల్ల పై వరసలో మిగిలినవాళ్ళ వైపు చూసింది. "మీలో... ఎవరైనా తప్పారా?"

ఒక ఇంజనీరు చెయ్యెత్తాడు. "రెండుసార్లు." మందుల షాపు నడిపే ఆవిడ, "నన్నయితే మొదటి ఏడే పొమ్మన్నారు. బతిమాలుకుని తిరిగొచ్చాను," అంది. ఆ తర్వాత కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "ఆర్థికశాస్త్రం. మూడుసార్లు. మా ఆవిడకి మాత్రం చెప్పకండి." షెడ్డు గొల్లుమంది. పిల్లలు ఒక్కొక్కరే చాప మీద పైకి జరిగారు. యంగోన అయిపోయినా ఎవరూ లేవలేదు.

వారం తిరక్కముందే కడావు నుంచి వాలేసి నాన్న కబురొచ్చింది: వెళ్ళి దొరని మన్నింపు అడుక్కో. వాలేసి యంగోన వేర్ల కట్ట కొని, నన్ను తోడు తీసుకుని రాతు ఇంటికి వెళ్ళింది. గుమ్మం దగ్గర తలవంచి కూర్చుని, కట్ట ముందుపెట్టి, చెప్పాల్సిన మాటలన్నీ చెప్పింది. పెద్దాయన చాలాసేపు ఆ కట్ట వైపు చూశాడు. చివరికి చెయ్యి చాచి అందుకున్నాడు, చప్పట్లు కొట్టాడు. కట్ట అందుకున్నారంటే మన్నించినట్టే.

"ఆ పిల్ల వెళ్ళిపోయిందా?" అన్నాడు.

"లేదు రాతూ. టికెట్టు రద్దు చేసుకుంది. మళ్ళీ రాస్తోంది."

ఆయన తలూపాడు. "సరే. ఇక ఎప్పుడూ అలా చెయ్యవు కదా?"

వాలేసి తలెత్తింది. "చేస్తాను రాతూ. వచ్చే ఏడూ అటే తిప్పుతాను. మర్నాడే వేర్లు పట్టుకొచ్చి ఇక్కడే కూర్చుంటాను."

రాతు చేతిలో కట్ట వైపు చూసుకున్నాడు. ఒకసారి అందుకున్నాక దాన్ని తిరిగివ్వడానికి లేదు.