ఆయుధపూజ మరునాటి లాగిన్

లాగిన్ కావడం లేదన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆఫీసు ఊడ్చే అక్క. బెంగళూరు మారతహళ్ళిలో ఆసుపత్రి రిపోర్టులు టైపు చేసే చిన్న ఆఫీసు మాది. ఆయుధపూజ సెలవు మరునాడు మెట్ల మీదే ఎదురొచ్చింది.

“అమ్మణ్ణీ, బిరబిరా రా. నీ మిషను ఎవురినీ లోపలికి ఇడ్సలేదంట. సారు నా మింద మండిపడతా ఉండాడు.”

నేను బడికి వెళ్లి చదివినదాన్ని కాదు. చదువు నాన్నగారు ఇంట్లోనే చెప్పారు. సర్వర్‌ను నడిపే లినక్స్‌ను అన్నయ్య కొన్న పాత పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే ఆ ఉద్యోగం దేవుడిచ్చిందేనని ఈనాటికీ నమ్ముతాను. కానీ ఆ ఉదయం దండం పెట్టుకునే ఓపిక కూడా లేకపోయింది.

“ఆ ఊడ్చే ఆవిడే తడి చేత్తో సర్వర్‌కి కుంకుమ పెట్టింది మేడమ్, నేను చూశాను,” అన్నాడు యజమాని. “ఈవెనింగ్ లోపల రిపోర్టులు పోకపోతే క్లయింట్ పోతాడు. రేపట్నుంచి ఆమె రానక్కర్లేదు.”

పూజ చేద్దామన్నది నేను. ఎన్నడూ ఆపని సర్వర్‌ను పూజకని ఆపించింది నేను. కుంకుమ భరిణె ఆమె చేతికిచ్చిందీ నేనే. ఆ మాట చెప్పకుండా వెళ్లి సర్వర్ ముందు కూర్చున్నాను.

నా అడ్మిన్ లాగిన్ మాత్రం పనిచేసింది. మిగతా ఎవరు కొట్టినా ‘అనుమతి లేదు’. పాస్‌వర్డ్‌లు మార్చాను. డిస్క్ నిండిందేమోనని చూస్తే సగం ఖాళీ. ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను. అదే మాట. పైగా వెనక నుంచి టైపిస్టుల సలహాలు.

“ఫార్మాట్ కొట్టేయండి మేడమ్!”

“గుమ్మడికాయ చిన్నదైంది, దిష్టి పోలేదు.”

“ఇంకో రోజు లీవ్ ఇప్పించండి, దానికీ రెస్టు.”

కీబోర్డు కిటికీలోంచి విసిరేయాలనిపించింది. అక్క తుడిచినచోటే మళ్లీ తుడుస్తోంది.

“తెలీక అడుగుతా ఉండా అమ్మణ్ణీ. కుంకుమతో చెడిపోయింటే నిన్నూ ఆపల్ల గదా? నిన్నొక్కదాన్ని ఇడ్సి వాళ్లనేల ఆపుతాది? ఎవురో దానికి చెప్పింటారు.”

చెప్పింది నేనే. పని మానేసినవాళ్లు సర్వర్‌లోకి రాకూడదని యజమాని అంటే, ఎవరెవరు రావచ్చో వారం ముందు ఒక ఫైల్లో రాశాను. లినక్స్ ఆ ఫైలును పైనుంచి చదువుతూ, మొదట వర్తించిన నియమం దగ్గరే ఆగిపోతుంది. ‘అడ్మిన్ తప్ప ఎవరినీ రానివ్వద్దు’ అన్న వరుస పైన పెట్టి, మావాళ్ల పేర్లు దాని కింద రాశాను. టైపిస్టులు లాగవుట్ అయ్యే రకం కాదు. స్క్రీన్ ఆర్పేసి ఇంటికి పోయేవారు. అందుకే వారమంతా తప్పు బయటపడలేదు. పూజకు సర్వర్ ఆపాక అందరూ కొత్తగా లాగిన్ కావలసివచ్చింది.

ఆ వరుసను కిందికి దించాను. ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు.

యజమాని గదిలోకి వెళ్లి నిలబడ్డాను. “తప్పు నాది సార్. పూజా నాదే, ఫైలూ నాదే. ఆమెను ఏమీ అనకండి.”

“మార్చినప్పుడు ఒక్కసారి లాగిన్ అయి చూసుకోవద్దా మేడమ్?” అని మొదలుపెట్టి చాలాసేపు చీవాట్లు పెట్టాడు. అన్నీ న్యాయమైనవే, పడ్డాను. అక్కను మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

బయటికొస్తే ఆమె బకెట్టు ఎత్తుకుంటూ, “వచ్చే ఏడు మిషనుకు బొట్టు నువ్వే పెట్టుకోమ్మా తల్లీ,” అంది.

మరుసటి ఏడూ ఆమె చేతే పెట్టించాను. ఇప్పుడు ఆమె లేదు. మీ ఇంట్లో ఆయుధపూజకు ఏ యంత్రానికైనా కుంకుమ పెడితే, ఆ అక్కను ఒక్కసారి తలచుకోండి.