రెండో సీటు

ఈ మాట నాలో పడి చాలా ఏళ్ళయింది. జీడిపిక్కల గోనె అయితే ఓ భుజం నొప్పెడితే ఇంకో భుజానికి మార్చుకోవచ్చు. గోదాము రాగానే దించెయ్యొచ్చు. దీన్ని ఎక్కడ దించాలో నాకు తెలియలేదు. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. నలుగుర్ని నవ్విస్తున్నప్పుడూ ఉంటుంది. నవ్విస్తున్నప్పుడే ఎక్కువగా ఉంటుంది.

నేను నవ్వించే మనిషిని. ఆ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. ఐదో తరగతిలో మాస్టారి నడక నడిచి చూపించి, ఆ పూటే బడికి దండం పెట్టేసినవాణ్ణి. కొన్నాళ్ళు లారీ మీద క్లీనరుగా తిరిగి, తోలడం నేర్చుకుని, చివరికి పలాసలో సైకిల్ షాపు పెట్టుకున్నాను. పంక్చరు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళ కంటే నా కబుర్లు వినడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. అందుకని, ఇది చదువుతుంటే మధ్యలో ఎక్కడైనా మీకు నవ్వొస్తే అక్కడ నన్ను కాస్త అనుమానించండి. అడ్డుగా ఏదో పెట్టుకుని ఉంటాను.

పేర్లు రాయను. బావ అంటాను, చాలు. మా మేనత్త చిన్నకొడుకు. ఉద్దానంలో వాళ్ళకి కొబ్బరితోటలు, జీడితోటలు. ఉన్నదంతా పెద్దన్న చేతి కింద. బావకి పెళ్ళీడు వచ్చినా సబ్బుబిళ్ళ కావాలంటే అన్న ముందు నిలబడాలి. అన్న కళ్ళెత్తి చూసేదాకా నిలబడాలి. ఇది చూడలేక మా అత్త, పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద తనకిచ్చిన జీడితోటని అమ్మేసింది. ఆ డబ్బుతో చిన్నకొడుకు ఓ కారు కొని బాడుగకి తిప్పుకోవాలి. పలాస స్టేషన్లో రైలు దిగినవాళ్ళని ఊళ్ళకి చేర్చాలి, ఆఫీసు పనులున్నవాళ్ళని టెక్కలి తీసుకెళ్ళాలి. అన్న ముందు నిలబడే అవసరం తీరాలి. ఉన్న తోట అదొక్కటే. రెండోసారి అమ్మడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

అరవైల చివర్లో మాట. టెక్కలిలో ఓ బియ్యం మిల్లు యజమాని షెడ్డులో రెండు కార్లు ఉండేవి. ఒకటి అమ్ముతాను, ఏది కావాలో మీరే తేల్చుకోండి, ఏదైనా ధర ఒకటే అన్నాడు.

ఒకటి పందెం బండి. మద్రాసు వైపు ఏదో మైదానంలో పందేలు ఆడిన బండట. ఎర్రది. పైకప్పు లేదు. తలుపు మీద తెల్లటి గుండ్రంలో ఏదో నంబరు. నేలని వాసన చూస్తున్నట్టు వంగి ఉంటుంది. సీట్లు రెండే. అందులోకి ఎక్కరు, దిగుతారు.

రెండోది రోడ్డు బండి. బూడిద రంగుది. చూడ్డానికి ఆఫీసు గుమస్తా లాగా ఉంటుంది. బానెట్టు ఎత్తితే మాత్రం సంగతి వేరు. విశాఖపట్నం రేవులో పనిచేసిన ఓ ఓడ ఇంజనీరు దానికి గాలి నెట్టే యంత్రం బిగించి వెళ్ళాడు. బయటికి పోయే పొగే ఓ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం బయటి గాలిని ఇంజన్లోకి దట్టిస్తుంది. కమ్మరి కొలిమికి తిత్తి ఊదినట్టే. మనుషుల్ని కుక్కినా, నెత్తిన ట్రంకుపెట్టెలు కట్టినా ఎత్తుమీద ఆయాసపడదు.

లారీ తోలినవాణ్ణి కాబట్టి రెండూ నేనే తోలి చూశాను. టెక్కలి నుంచి నందిగాం వైపు వెళ్ళి వెనక్కి తెచ్చాను. నాకు తేలిపోయింది. మన ఇసక బాటలకి, పిల్లాజెల్లాతో దిగే కుటుంబాలకి, బాడుగకి రోడ్డు బండే సరి. ఇందులో రెండో ఆలోచనకి చోటు లేదు.

కానీ పందెం బండి తోలుతున్నప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది.

బావ రోజూ మధ్యాహ్నం నా షాపుకి వచ్చి చెక్కపెట్టె మీద కూర్చునేవాడు. నా కబుర్లకి అందరూ నవ్వుతారు. నవ్వి, సైకిలెక్కి, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోతారు. బావ ఒక్కడే కబురు పూర్తి కాకుండానే నవ్వడం మొదలెట్టేవాడు. నాకు అమ్మా నాన్నా లేరు, పెళ్ళి కాలేదు. సాయంత్రం షాపు మూశాక నేను మాట్లాడే మాట ఎవరికీ వినపడదు. బావ బాడుగ కారు తోలితే మొదటి రైలు నుంచి ఆఖరి రైలు దాకా రోడ్డు మీదే ఉంటాడు. అతని పక్కన ఎవడో డబ్బిచ్చినవాడు కూర్చుంటాడు. అదే రెండు సీట్ల బండి అయితే? ఒకటి బావది. రెండోది ఎవరిది?

ఇంత చిన్న కోరికా అంటారు. అవును, ఇంతే. పెద్ద ద్వేషం ఏదైనా ఉండి చేసి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికైనా బాగుండేది.

బండ్లు చూడ్డానికి అత్త కూడా వచ్చింది. మా వైపు ఎద్దుల్ని కొనేముందు సుడులు చూస్తారు. ఒంటి మీద వెంట్రుకలు తిరిగే చోట్లు. కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి. పాడె సుడి అని ఒకటుంది. అది ఉన్న ఎద్దు యజమానిని పాడె ఎక్కిస్తుందని నమ్మకం. ఊరికే ఇచ్చినా ఎవరూ ఇంటి ముందు కట్టరు. మా మావ బతికున్నప్పుడు సుడులు చూడ్డంలో పేరున్న మనిషి. అత్త ఆయన వెంట సంతలు తిరిగింది. ఆ అలవాటు మీదే కార్ల చుట్టూ తిరుగుతూ లైట్ల మీద అరచెయ్యి వేసింది, టైర్లు నొక్కింది. బావా నేనూ ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకున్నాం.

రోడ్డు బండి దగ్గర ఆగి నన్ను పిలిచింది. “ఒరే, ఎద్దులయితే మీ మావ సూసీవోడు. దీనికి నువ్వే సూడాల. సుడులవీ బాగున్నాయేటిరా?”

ఆమె కూడా సగం సరదాకే అడిగిందేమో. బానెట్టు మీద ఎవరో తడి డబ్బా పెట్టి తీసినట్టు గుండ్రంగా తుప్పు మరక ఉంది. నేను వంగి, అచ్చం మా మావ లాగా కళ్ళు చికిలించి, దాని మీద వేలు పెట్టాను. “అంతా బాగుంది గానీ అత్తా, ఇదిగో, ఇక్కడ పాడె సుడుంది.”

మిల్లు గుమస్తా పగలబడి నవ్వాడు. బావ కూడా నవ్వాడు. అత్త నవ్వలేదు. బండి మీంచి చెయ్యి తీసి కొంగుకి తుడుచుకుంది.

ఊరికే అన్నాను అత్తా, అంటే అక్కడితో పోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకు ఆపుకున్నాను? హాస్యం వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేక అనుకున్నాను కొన్నేళ్ళు. అది అబద్ధం. ఆమె కళ్ళల్లో భయం చూశాను, ఆ భయం నాకు పనికొస్తుందని అప్పటికప్పుడే లెక్క కట్టాను. షెడ్డులో అన్నది హాస్యమే. దాన్ని అబద్ధం చేసింది మర్నాడు.

మర్నాడు పొద్దున్నే బావ షాపుకి వచ్చాడు. కూర్చోలేదు.

“ఒరే, నిన్న నువ్వన్నది సరదాకే గదేటి?”

నేను ట్యూబుని నీళ్ళ పళ్ళెంలో ముంచి బుడగలు చూస్తున్నాను. తల ఎత్తలేదు. “ఏటన్నాను?”

“అదేరా, సుడి. అమ్మ నిన్నట్నించి ముద్ద ముట్నేదు. పందెం బండే కొనమంతంది. నాకు మరి రెండోదే బాగుందనిపిస్తంది. జనం ఎక్కాల గదా.”

“ఎక్కుతారు. ఎక్కినోళ్ళు పేణాలతో దిగాల గదా బావా.”

“ఎటకారాలొద్దురా. ఒక్క పాలి నిజం సెప్పు. తోలినోడివి నువ్వు. దాన్లో ఏటైనా ఉందా?”

అప్పుడు తల ఎత్తాను. “ఉంది.”

“ఏటుంది?”

“అది సెప్పడానికి రాదు. నందిగాం కాడ నా సెయ్యి వణికింది. ఎప్పుడూ అలాగవనేదు. నానయితే నా ఇంటి ముందర కట్టను బావా.”

అతను నా మొహంలోకి చూశాడు. పెదాల చివర నవ్వు కోసం వెతికాడు. అక్కడ లేదు. నేను లేకుండా చేశాను.

“నువ్వు నవ్వకండా సెప్పినావంటే అది నిజమేరా,” అన్నాడు.

చెయ్యి వణికిన మాట నిజమే. వణికింది పందెం బండిలో. సంతోషానికి. నా జీవితంలో నవ్వకుండా చెప్పిన మాటలు తక్కువ. వాటిలో అందరికంటే నన్ను ఎక్కువగా నమ్మినవాడికి చెప్పింది అది. అబద్ధం ఆడటానికి ఎంత తెలివి కావాలో అని జనం అనుకుంటారు. ఏం అక్కర్లేదు. ఎదుటివాడికి మీ మీద నమ్మకం ఉంటే చాలు, మిగతా పని అతనే చేసుకుంటాడు.

పందెం బండి కొన్నాం. కొన్నాం అనే నోటికొస్తోంది, చూశారా? డబ్బు అత్తది.

టెక్కలి నుంచి పలాసకి మేమిద్దరం అందులో వచ్చాం. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ రాయకపోతే ఈ ఒప్పుకోలుకి అర్థం లేదు. ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను. గాలికి మాటలు వినపడక బావ చెవి నా నోటి దగ్గర పెట్టి నవ్వుతున్నాడు. పొలాల్లో వంగినవాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. అంత సంతోషం నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. ఎవరి కూడు తీసి నేను అలా నవ్వుతున్నానో ఆ మనిషి నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

పెద్దరోడ్డు దిగి ఊరి బాట పట్టగానే తేలిపోయింది. ఎడ్లబండ్ల చక్రాలు కోసిన గాడులు లోతుగా రెండు, మధ్యలో ఇసక గట్టు. బండి కడుపు గట్టు మీద కూర్చుంది. చక్రాలు ఊరికే తిరిగాయి. ఎద్దుల్ని కట్టి లాగించాల్సి వచ్చింది. పెద్దన్న తోట కంచె మీద చేతులు పెట్టుకుని చూశాడు. “ఎడ్లు లాగీ కారేటిరా? మనకి ముందే ఉంది గదరా, దాన్ని నాటుబండంతారు,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకో నాలుగు మాటలు కలిపాను కూడా. బావ మాత్రం ఎద్దుల మెడలు నిమురుతూ ఉండిపోయాడు.

పలాస స్టేషన్ దగ్గర కొన్నాళ్ళు నిలబెట్టాడు. రైలు దిగిన కుటుంబం వచ్చి, చూసి, అమ్మమ్మని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక, నవ్వుకుంటూ బస్సు వైపు వెళ్ళిపోయేది. పందెంలో పరుగెత్తడానికి చేసిన ఇంజను. మెల్లగా తోలితే ప్లగ్గులకి మసి పట్టి ఆగిపోయేది. రెండో సీట్లో నేను తిరిగింది కొన్నాళ్ళే. తర్వాత పెట్రోలుకి కూడా బావ అన్న ముందు నిలబడాల్సి వచ్చింది. ముందు సబ్బుకి నిలబడేవాడు. చివరికి బండి కొబ్బరి మట్టల పాక కింద చేరింది. సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. పెద్దన్న దాన్ని పాత ఇనుము కింద అమ్మేశాడు.

బావ ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడు. మా వైపు బతుకు కుదరనివాళ్ళు చాలామంది వెళ్ళేది అక్కడికే. రైలెక్కించడానికి నేనే వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద టీ తాగాం. పక్క బెంచీ మీద నిద్రపోతున్న టిక్కెట్ కలెక్టరు గురక మీద ఏదో అన్నాను. బావ నవ్వాడు. రైలు కదిలింది.

ఆ బూడిద రంగు బండిని టెక్కలి మనిషి ఒకడు కొన్నాడు. పెళ్ళిళ్ళకి, పురుళ్ళకి, ఇచ్ఛాపురం దాకా అన్నిచోట్లకీ అదే తిరిగింది. దాని సంపాదన మీద అతను డాబా కట్టాడు, ఇంకో కారు కొన్నాడు. ఏళ్ళ తరబడి నా షాపు ముందు నుంచే వెళ్ళేది. ఎవరినీ పాడె ఎక్కించలేదు. దాని గాలి చక్రం ఈల దూరం నుంచే వినపడేది. చేతిలో పని ఉన్నా లేకపోయినా తల వంచుకునేవాణ్ణి.

అత్త పోయినప్పుడు బావ వచ్చాడు. మనిషి ఎండిపోయాడు. పన్నెండో రోజు దాకా ఉన్నాడు. ఆమె తోట పోగొట్టింది నేను అని చెప్పడానికి అన్ని రోజులు నా చేతిలో ఉన్నాయి. వచ్చినవాళ్ళని నవ్వించాను. చావింట్లో కూడా నవ్వించగలడురా వీడు అని మెచ్చుకున్నారు.

తర్వాత బావ కూడా ఖరగ్‌పూర్‌లోనే పోయాడు. కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. ఈమధ్య, అక్కడ పెళ్ళాడిన అతని భార్య వచ్చింది, వాటాకి మిగిలిన కొబ్బరిచెట్లు అమ్ముకోవడానికి. నన్ను వెతుక్కుంటూ షాపుకి వచ్చి, బల్ల మీద కూర్చుని చెప్పింది. “ఆయన మీ మాటే సెప్పీవోరు అన్నయ్యా. ఎంత ఇబ్బందొచ్చినా, ఆ రెండో బండి కొనుంటే పేణమే పోయుండేది, మా బామ్మర్ది కాపాడినాడు అనీవోరు. పిల్లలికీ అదే సెప్పినారు.”

ఆమెకి సోడా తెప్పించాను. తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిచాను. ఎండలు మండిపోతున్నాయమ్మా అన్నాను.

చెబితే ఏమయ్యేది? ఆ ఇంట్లో కష్టానికి వాళ్ళు చెప్పుకుంటున్న ఒకే ఒక్క కారణం కూలిపోయేది. చెప్పకపోతే? ఆ పిల్లలు నన్ను దేవుడంటూ పెరుగుతారు. ఏది తక్కువ పాపమో నాకు తెలియదు. ఆమె మంచి కోసమే ఆగానని రాయాలని ఉంది. నమ్మకండి. భయపడి ఆగాను.

బావని క్షమించమని అడగడానికి బావ లేడు. మిమ్మల్ని అడగడానికి మీరు నాకేమీ కారు. కాబట్టి అడగడం లేదు, చెబుతున్నాను. ఆ బూడిద రంగు బండిలో ఏ దోషమూ లేదు. నందిగాం దగ్గర దాన్లో నా చెయ్యి వణకలేదు. బావ పక్కన ఇంకెవరో కూర్చుంటారని భయమేసి, అతని చేత తప్పు బండి కొనిపించాను.

రాసేశాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఇప్పుడే ఎవరితోనో మాట్లాడినట్టుంది.