పగడాలకు నీళ్లు అలవాటు చేసిన రోజు

అల్లూరు వైపు సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పుట్టించి రైతులకు అమ్మే ఒక హేచరీలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. మా యజమానికి తన గెస్ట్‌హౌస్ హాల్లో పగడాల అక్వేరియం పెట్టాలని కోరిక పుట్టింది. ఉప్పునీటి సంగతి తెలిసినదాన్నని ఆ పని నాకు అప్పగించాడు. తొట్టెలో రాళ్లు, ఇసుక వేసి రెండు నెలలు పంపుతో నీళ్లు తిప్పాక చెన్నై నుంచి సాఫ్ట్ కోరల్స్ తెప్పించాం. పెద్ద తొట్టెల్లో పెంచి, ముక్కలు కోసి అమ్మే మెత్తటి పగడాలవి. నీళ్లు నింపిన ఐదు ప్లాస్టిక్ సంచుల్లో ఐదు ముక్కలు వచ్చాయి.

గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ నాకు సాయం వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఏడాది కిందటి దాకా ఆయన రొయ్యల రైతు. మా హేచరీలోనే సీడు, అంటే రొయ్యపిల్లల్ని, తీసుకున్నాడు. నెల తిరక్కుండా రెండు గుంటల్లోనూ తెల్లమచ్చ రోగమొచ్చి రొయ్యలన్నీ చచ్చాయి. ఆ తర్వాత మా యజమానే పిలిచి ఈ పనిచ్చాడు. వాచ్‌మన్ ఆ మాట ఎవరికి చెప్పినా చేతులు జోడించి చెప్పేవాడు.

సంచులను కాసేపు తొట్టెలో తేలనిచ్చి, పగడాలను వాటి నీళ్లతో సహా టబ్బులోకి వంచాం. తొట్టె నుంచి సన్నటి గొట్టం దించి, దానికి ముడి వేసి, చుక్క చుక్కగా నీళ్లు పడేలా పెట్టాను. పగడాలు ముడుచుకుని జిగురు కారుస్తున్నాయి. తడిసిన తోలుముక్కల్లా ఉన్నాయి. ఆయన పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"ఎంతసేపమ్మా ఇట్టా?"

"గంటన్నరైనా పడుతుంది. సంచిలో ఉప్పు తక్కువ, మన తొట్టెలో ఎక్కువ. ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేవు."

ఆయన గొట్టం నుంచి పడే చుక్కల్ని చూస్తూ అన్నాడు.

"నేను సీడుకు ముప్పావుగంటే ఇట్టా చేసినానమ్మా. ఆ పొద్దు ఎండ ముదరతా ఉందని తొందరపడి సీడు గుంటలో వదిలేసినాను. అందుకే పోయినాయి. నీ తొందరే మనల్ని ముంచిందని మా ఇంటామె ఇప్పటికీ అంటానే ఉంది."

ఆ సీడును పరీక్ష చేసింది నేనే. తెల్లమచ్చ వైరస్ ఉందని యజమానికి చెప్పాను కూడా. "రొయ్యపిల్ల హుషారుగా ఈదతా ఉంది గదమ్మా, పంపించెయ్యండి" అన్నాడు. వైరస్ లేదని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం తప్ప నా దగ్గర వేరే కారణం లేదు. ఏడాదిగా ఈ వాచ్‌మన్ ఎదురుపడినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు తప్పుకుని పోయేదాన్ని.

ఆరోజు తప్పుకోలేకపోయాను.

"మీ తొందర వల్ల కాదు. రొయ్యపిల్లలకు ముప్పావుగంట చాలు. ఆ సీడుకు మా హేచరీలోనే రోగం ఉంది. నాకు తెలుసు. లేదని రాసిచ్చాను."

ఆయన టబ్బు వైపే చూస్తూ అడిగాడు.

"నీ చేత్తోనే రాసినావా?"

అంతవరకు నన్ను మీరు అనే పిలిచేవాడు. తలూపాను.

"వీటికి మాత్రం చుక్క చుక్క పోస్తా ఉండావే."

లేచి, గేటు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మిగిలిన పని ఒక్కదాన్నే చేశాను. గ్లవ్స్ వేసుకుని పగడాలను ఒక్కొక్కటే తీసి, టబ్బు నీళ్లు తొట్టెలో పడకుండా, రాళ్ల మీద పెట్టాను. ఒకటి చేతిలోంచి జారి గాజుకు తగిలింది. వాటికి మొదటి రోజుల్లో ఎక్కువ వెలుగు పనికిరాదు. లైటు తగ్గించి అక్కడే నేల మీద కూర్చున్నాను.

మూడోరోజు ఆయన హేచరీకి వచ్చాడు.

"నాకు చెప్పింది మా ఇంటామెకు చెప్పు. నేను చెప్తే నమ్మదు."

ఆయన సైకిల్ వెనకే స్కూటీ మీద వెళ్లాను. ఆమె కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. నిలబడే అంతా చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె నా వైపు చూడనేలేదు.

"ఏడాది బట్టి ఈ మనిషిని ఒక్క పూట సుఖంగా తిననియ్యలా నేను" అంది. "అనరాని మాటలన్నీ అన్నాను. ఇప్పుడు వాటినేం చెయ్యాల?"

ఆయన గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. వాళ్లిద్దరి మధ్యా నేనుండకూడదని తెలుస్తోంది, అయినా అక్కడే నిలబడ్డాను. చివరికి ఆయనే "ఇంక పో" అన్నాడు.

ఆ రిపోర్టు అబద్ధమని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాను. పోలీసులకైనా కోర్టులోనైనా చూపించుకోమన్నాను, ఎవరు పిలిచినా వచ్చి చెప్తానన్నాను. ఆయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పది రోజులకు మూడు పగడాలు విచ్చుకున్నాయి. గాజుకు తగిలింది, దాని పక్కదీ కుళ్లి జావగా కరిగిపోయాయి. హాలంతా చెడ్డ వాసన. వాటిని తీసి పారేసి, సగం నీళ్లు మార్చి, మిగిలినవి బతికే ఉన్నాయని యజమానికి చెప్పాను. ఆ నోటితోనే ఉద్యోగం మానేస్తున్నానని కూడా చెప్పాను. కారణం విన్నాక ఆయన "అప్పుడు సంతకం నువ్వే గదమ్మా పెట్టినావు" అన్నాడు. అది నిజమే.

ఆ దంపతులు ముత్తుకూరు వైపు పనికి వెళ్లారని తర్వాత ఎవరో అన్నారు. ఆ కాగితం గురించి నన్ను ఎవరూ పిలవలేదు.