మౌనం మీద గోల ఫిర్యాదు

ఊళ్లో తాళాల మామయ్య చెయ్యి తగలని తలుపంటూ లేదు. అన్ని మతాల ప్రార్థన మందిరాలకూ తాళాలు ఆయనవే. మొరాయించిన తాళం ఆయన దగ్గితే చాలు తెరుచుకుంటుందని జనం చెప్పుకునేవారు. ఆయన కాదనేవాడు కాదు.

ఆయన మతంవాళ్లు మాత్రం ఊరంతటికీ పదకొండు కుటుంబాలే. ఆయన కొట్టు మీది గదిలో వారానికోసారి, సెలవు రోజు పొద్దున చేరి గంటసేపు ప్రార్థించేవారు. పాట లేదు, గంట లేదు, అసలు నోరు విప్పడమే లేదు. పెదవి కదిపితే పక్కవాడి ప్రార్థన చెదిరిపోతుందని చిన్నప్పుడే నేర్పుతారు. ఆ గంట కోసమే మామయ్య ఆరు రోజుల సుత్తి మోత భరించేవాడు.

అలాంటి గదికి నగరపాలక ఆఫీసు నుంచి నోటీసొచ్చింది. చెవులు చిల్లులు పడే గోలట! రుజువైతే గదికి సీలు.

ఫిర్యాదు ఎదురింటి సోఫాల షావుకారిది. "లోపల ఏం చేస్తారో ఒక్క ముక్క వినపడదు. అనుమానం రాదా మరి?" అని వీధంతా చెప్పుకు తిరిగేవాడు. మతం నచ్చలేదని రాస్తే అలాంటి ఫిర్యాదు తీసుకోం అన్నారు ఆఫీసులో. ఫారంలో 'శబ్దం' అన్న గడి కనపడితే దాని మీద టిక్కు పెట్టి వచ్చాడు.

"ఇన్నేళ్లూ నోరు మూసుకున్నందుకు ఇదా బహుమానం? ఒక్కసారి గొంతెత్తి చూపిస్తానుండండి!" అంది మామయ్య భార్య.

"నువ్వెత్తితే నిజంగానే సీలేస్తారే."

నవ్వాడు గానీ, ఆ రోజు మూడు తాళంచెవులు తప్పుగా అరగదీశాడు.

సెలవు రోజు శబ్దం కొలిచే మీటరుతో అధికారి వచ్చాడు. షావుకారు సాక్షిగా తలుపు దగ్గర కూర్చున్నాడు. ప్రార్థన మొదలైంది. ముల్లు కదల్లేదు. మీటరు చెడిపోయిందేమోనని అధికారి దాన్ని రెండుసార్లు తట్టాడు. పది నిమిషాలకి ఆ నిశ్శబ్దం ఆయన కళ్లమీద బరువుగా కూర్చుంది. ఇరవయ్యో నిమిషానికి గురక! కిటికీ అద్దాలు గజగజలాడాయి. కింద కొట్టులో తాళంచెవులన్నీ గలగలమన్నాయి. ముల్లు పైకెక్కి దిగనంది. మామయ్య భార్య చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది.

"గోల! చూడండి సార్ గోల!" షావుకారు గంతేశాడు.

అధికారి ఉలిక్కిపడి లేచి ముల్లు చూశాడు. "ఎవరిదయ్యా ఇంత చప్పుడు?"

మామయ్య నాలుక దురద పెట్టింది. ఒక్క మాటతో గది దక్కుతుంది. కానీ ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలుంది. గట్టిగా కళ్లు మూసుకున్నాడు. పదకొండు కుటుంబాల్లో ఒక్కరూ పెదవి కదపలేదు.

అధికారి షావుకారి వైపు తిరిగాడు. "సాక్షివి నువ్వే కదా, చెప్పు. రిపోర్టు కింద సంతకం పెట్టాలి. అబద్ధమైతే కేసు నీ మీదే."

షావుకారు రెండడుగులు వెనక్కి వేశాడు. "తమరిదేనండీ... గురక."

అధికారి ముఖం కందగడ్డయింది. అయినా నిజాయితీపరుడు, ఉన్నదున్నట్టు రాశాడు. "ఎవరు దేవుణ్ణి ఎలా తలుచుకుంటే మాకెందుకయ్యా? చట్టానికి వీళ్ల గదీ ఒకటే, నీ మందిరమూ ఒకటే," అని గొణిగి, ప్రార్థన అయ్యేదాకా బుద్ధిగా కూర్చున్నాడు.

గంట నిండింది. మామయ్య కళ్లు తెరిచాడు. "అయ్యా, ముందు ఆ మీటరు కట్టేయండి," అన్నాడు. "మావాళ్లు ఇప్పుడు నవ్వాలి."