పొయ్యక్క పాపిట

ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీలో పొయ్యిల హాల్లోకి వెళ్ళాలంటే ముందు ఒకరి వీపు ఒకరికి అప్పగించాలి. బట్టలు మార్చుకునే గదికీ హాలుకీ మధ్య ఇరుకు నడవ ఉంది. అక్కడ గోడకు రోలర్లు వేలాడుతుంటాయి. బంకకాగితం చుట్టిన ఆ రోలర్ని ఎదుటి మనిషి భుజాల మీదా వీపు మీదా దొర్లిస్తే దుమ్మూ దారాలూ రాలిన వెంట్రుకలూ కాగితానికి అంటుకుంటాయి. కాగితం చించి కిటికీ వెలుతురులో పట్టి చూస్తారు. శుభ్రంగా ఉంటే లోపలికి, లేకపోతే మళ్ళీ రోలర్.

ఆ నడవలో పొయ్యక్క వీపు ఇన్నేళ్ళుగా చూస్తున్నది కత్తెర ఒక్కతే. పొయ్యక్క పెద్ద పొయ్యి లైనుకు పెద్ద. పొయ్యి దగ్గర మగవాళ్ళే నిలబడగలరని అందరూ అనుకునే రోజుల్లో, "కరిగిపోవడానికి నేనేమన్నా వెన్నముద్దనా?" అని అడిగి మరీ ఆ చోటు సంపాదించుకుంది. కత్తెర బ్రెడ్డు ముక్కలు కోసే యంత్రం నడుపుతుంది. యంత్రం కంటే ఆమె నోరే పదును కాబట్టి ఆ పేరు రెండు విధాలా అతికింది.

ఆ రోజు పొద్దున కత్తెర కాగితం చించింది, వెలుతురులో పట్టలేదు. ఉండ చుట్టి డబ్బాలో పడేసింది. రెండో కాగితం కూడా అంతే. మూడోసారి రోలర్ ఎత్తింది.

"ఏంటే అంతసేపు రుద్దుతున్నావు, నేనేమన్నా మాడిన గిన్నెనా?" అంది పొయ్యక్క.

"శాలువా దారాలక్కా. ఊరికే ఊడిపోతున్నాయి."

"నేను శాలువా ఎప్పుడు కప్పుకున్నానే?"

కత్తెర మూడో కాగితం కూడా చించి ఉండ చుట్టింది. కత్తెర మాట్లాడలేదంటే విషయం పెద్దదేనని పొయ్యక్కకు తెలుసు. విషయమేమిటో కూడా తెలుసు.

నెలసరి ఆగి ఏడాది దాటింది. ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిరి ఎగదన్నేది. దాన్ని నవ్వులాటగా తీసిపారేసింది. పొయ్యి ముందు నిలబడే మనిషికి ఏ వేడి ఎక్కణ్ణించి వస్తోందో ఎవరు అడుగుతారు? జుట్టు మాత్రం నవ్వులాటకు లొంగలేదు. ఒకప్పుడు ఆమె జడ టోపీలో పట్టేది కాదు. స్టోరు గదిలో ఆమె కోసమని ఒక పెద్ద టోపీ విడిగా పెట్టేవాళ్ళు. ఇప్పుడు స్నానాల గదిలో నీళ్ళు పోయే చోట ఉండలుండలుగా జుట్టు. పాపిట, ఇద్దరు నడిచిన కాలిబాటలో పదిమంది నడిచినట్టు, వెడల్పయింది.

తలస్నానం చేస్తే రాలుతోంది. దువ్వితే రాలుతోంది. కాబట్టి ముట్టుకోకపోతే నిలుస్తుందని లెక్క వేసుకుంది. తలస్నానం వారానికోసారికి తగ్గింది, తర్వాత ఇంకా జరిగింది. దువ్వెన అటక ఎక్కింది. పైపైన నూనె చేత్తో నిమిరి, ముడి బిగించి తిప్పి, పిన్నులు గుచ్చి, ఒక టోపీ మీద ఇంకో టోపీ పెట్టుకునేది. సాయంత్రం ముడి విప్పితే నెత్తి మీద చర్మం లాగి వదిలినట్టు సలిపేది.

బ్రెడ్డులో పడుతుందన్న భయం ఆమెకు ఫ్యాక్టరీ నేర్పింది. జుట్టు పోతే ఆడదానికి ఇంకేముందన్న భయం ఎవరు నేర్పారో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. అలా ఆలోచించనివ్వకుండా చేయడంలోనే మన లోకానికి మంచి పనితనం ఉంది.

చివరికి భయపడినంతా అయింది. ఒక కొట్టువాడు బ్రెడ్డు తిప్పి పంపాడు. పైపొరలో కాలి అతుక్కుపోయిన పొడుగాటి వెంట్రుక. సగం నలుపు, సగం తెలుపు.

క్వాలిటీ సారు ఆమెను తన అద్దాల గదిలోకి పిలిచాడు. ఫ్యాక్టరీలో తిండి శుభ్రతకు జవాబుదారీ ఆయనే. చెడ్డవాడేం కాదు, పైనుంచి మాట పడితే కిందికి దించేసి ఊపిరి పీల్చుకునే రకం.

"అక్కా, ప్యాకెట్టు మీద మీ షిఫ్టు ముద్ర ఉంది. ఈ మధ్య మీ దగ్గర రోలర్ కాగితాలు కూడా ఎక్కువ అవుతున్నాయి. వచ్చే నెల నుంచి గోడౌన్లో ఉండండి. వయసు కూడా వచ్చింది, కాస్త విశ్రాంతిగా ఉంటుంది."

"విశ్రాంతి కావాలని నేను అడిగానా సారూ?"

"అడగలేదనుకోండి." ఆయన ఆమె టోపీ వైపు చూస్తూ మాట్లాడాడు.

పొయ్యక్కకు తలకొట్టేసినట్టయింది. గోడౌన్ అంటే మూటలు లెక్కపెట్టే చీకటి గది. ఆమె పొయ్యి అక్కడ ఉండదు. ఆమె పేరే ఉండదు.

ఇంటికెళ్ళి భర్తకు చెబితే, ఆయన తన నున్నటి నెత్తి తడుముకున్నాడు. "నాకు పెళ్ళైన కొత్తలోనే పోయింది. ఎవరన్నా ఒక్క మాటన్నారా? దీనికింత బాధెందుకే?"

"నిన్నెవరూ గోడౌన్‌కి పంపలేదు కదయ్యా."

ఆయన వెంటనే, "అదీ నిజమే," అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన అంత తొందరగా ఒప్పుకున్న మాట ఇదే.

మర్నాడు నడవలో కత్తెర రోలర్ కింద పెట్టేసింది. "రేపు ఇద్దరం సెలవు పెడుతున్నాం. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ ఉంది."

"జుట్టు ఊడితే డాక్టరేంటే? నవ్వుతారు."

"పన్ను ఊడితే వెళ్ళవా? నేను కాగితాలు ఉండచుట్టి ఉండచుట్టి నా చేతులకి ఆ బంక వదలట్లేదు. నడువు."

డాక్టరమ్మ ముందు ముడి విప్పించింది. పాపిట పొడుగునా దీపం వేసి చూసింది. చిన్న కుచ్చు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగితే చేతిలోకి బోలెడు వచ్చాయి.

"దువ్వి ఎన్నాళ్ళయిందమ్మా?"

పొయ్యక్క గోడ వైపు చూసింది. కత్తెర జవాబు చెప్పింది. "ముట్టుకుంటే రాలుతుందని మానేసిందండి."

"అంటే ఇన్నాళ్ళ రాలుడూ నెత్తి మీదే దాచిపెట్టారన్నమాట." డాక్టరమ్మ చేతిలోని వెంట్రుకలు ఆమెకే చూపించింది. "ఇవి ఎప్పుడో కుదుళ్ళు వదిలేసినవి. పక్కవాటిని పట్టుకుని వేలాడుతుంటాయి. మీరు దువ్వినా దువ్వకపోయినా ఊడేవి ఊడతాయి. రోజూ దువ్వితే ఏ రోజువి ఆ రోజు ఇంట్లో పడతాయి. దువ్వకపోతే అన్నీ పోగయి ఒక్కసారి ఎక్కడో పడతాయి. మీరు ఎక్కడ పని చేస్తారు?"

పొయ్యక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బ్రెడ్డులో పడకూడదని చేసిన పనే బ్రెడ్డులో పడేలా చేసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ తీరిగ్గా చెప్పింది. నెలసరి ఆగే రోజుల్లో ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. జుట్టు పెరిగే కాలం కురచవుతుంది, కొత్తగా వచ్చే వెంట్రుక సన్నబడుతుంది. నడినెత్తి పలచబడుతుంది, పాపిట విచ్చుకుంటుంది. దీనికి తోడు రక్తంలో ఇనుము తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా రాలడం ఎక్కువవుతుంది. అందుకే రక్తపరీక్ష. బిగించిన ముడి కుదుళ్ళను లాగేస్తుంది కాబట్టి అది మానాలి. నూనె రాసుకోవడం ఆమె ఇష్టం, కానీ నూనెతో జుట్టు మొలవదు. నెత్తికి రాసుకునే మినాక్సిడిల్ మందు ఉంది. రోజూ రాయాలి. మొదటి వారాల్లో ఇంకాస్త ఊడొచ్చు, కంగారుపడి ఆపకూడదు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే దానివల్ల వచ్చింది మళ్ళీ పోతుంది.

"పాత జడ వస్తుందా?"

"ఆ మాట నేను ఇవ్వను. ఉన్నది నిలబడుతుంది, కొంత ఒత్తుగా అవచ్చు. ఈ వయసులో చాలామంది ఆడవాళ్ళకి ఇలాగే ఉంటుందమ్మా."

"మరి ఎవరూ చెప్పరేం?"

"మీరు ఎవరికన్నా చెప్పారా?"

దారంతా పొయ్యక్క ఆ మాటే నమిలింది. ఆసుపత్రి ఎదురు సందులో క్షౌరశాల కనిపిస్తే ఆగి, మెడదాకా కత్తిరించేయమంది. నేల మీద పడ్డ జుట్టును చూసి కత్తెర ముక్కు చీదింది. "ఏడుస్తున్నావా?" అంటే, "నా పేరున్న పని ఇంకొకరు చేస్తుంటే కడుపు మండుతోంది," అంది.

ఇనుము తక్కువని తేలింది, మాత్రలు మొదలయ్యాయి. మందు రాయడం మొదలుపెట్టిన కొత్తలో డాక్టరమ్మ చెప్పినట్టే ఇంకా ఊడింది. పొయ్యక్క పళ్ళబిగువున రాసింది. రోజు విడిచి రోజు తలస్నానం, బయల్దేరే ముందు దువ్వెన. కాని నెల దగ్గర పడుతోంది. గోడౌన్ తాళంచెవి ఆమె కోసం ఎదురుచూస్తోంది.

నెలాఖరున క్యాంటీన్లో శుభ్రత మీటింగు పెట్టారు. సారు ఆ బ్రెడ్డు ముక్కను ప్లాస్టిక్ సంచిలో తెచ్చి అందరికీ చూపించాడు. ఎవరిదో పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేకుండా చూశాడు.

పొయ్యక్క లేచింది. టోపీ తీసి బల్ల మీద పెట్టింది. నెత్తి వంచి, పాపిట అందరికీ కనిపించేలా ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా తిప్పింది.

"ఆ వెంట్రుక నాదే అయ్యుండొచ్చు. కాదని బుకాయించను. నెలసరి ఆగింది, జుట్టు పలచబడింది. సిగ్గుపడి దువ్వడం మానేశాను, అదీ నా పొరపాటు. అది దిద్దుకున్నాను. ఇప్పుడు మీ పొరపాటు చెబుతాను సారూ. ఇక్కడ ఇంతమంది ఆడవాళ్ళున్నారు. బట్టల గదిలో అద్దం లేదు, సరైన కొళాయి లేదు. పరుగెత్తుకొచ్చి టోపీ కింద కుక్కుకుంటున్నాం. దువ్వుకునే చోటివ్వండి, దువ్వుకునే టైము షిఫ్టులో కలపండి. నెత్తి కోసేయని టోపీలివ్వండి. అప్పుడు కూడా నా కాగితం మీద వెంట్రుకలు కనిపిస్తే గోడౌన్ తాళంచెవి నేనే వచ్చి అడుగుతాను."

కత్తెర ఠపీమని టోపీ తీసింది. ఆమె నుదుటి పైన జుట్టూ పలచబడింది, ఆమె నోటంత పదునుగా లేదు. మిగతావాళ్ళు టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. ట్రేలు కడిగే పెద్దామె మాత్రం తన టోపీ అంచు సర్దుకుంటూ, "నాక్కూడా," అని ఒక్క ముక్క గొణిగింది.

"నియమం అందరికీ ఒకటే కదా సారూ," అంది పొయ్యక్క. "మీరు రోజూ ఆ నడవలోంచే హాల్లోకి వస్తారు. మీ వీపు ఎవరు చూస్తున్నారు?"

సారు తెల్లబోయాడు. ఎవరూ చూడటం లేదు. కత్తెర అప్పటికే నడవలోకి వెళ్ళి రోలర్ తెచ్చేసింది. కాదంటే మీటింగు పేరే పోతుంది కాబట్టి ఆయన భుజాలు అప్పగించాడు. ఆమె కాగితం చించి, ఇన్నాళ్ళూ పొయ్యక్క కాగితాలను దాచినట్టు దాచకుండా, క్యాంటీన్ కిటికీ వెలుతురులో పట్టింది. గడ్డం వెంట్రుకలు, పొట్టివీ వంకరవీ, వరసగా ఉన్నాయి.

"సారూ, మీ గడ్డానికి కూడా గోడౌన్లో చోటుందేమో కనుక్కోమంటారా?"

గ్లాసుల్లోకి చూస్తున్నవాళ్ళకు పొలమారింది. సారు గడ్డం తడుముకుని, నవ్వు ఆపుకోలేక, సంచిలోని బ్రెడ్డును వెనక్కి పెట్టేశాడు. "కొన్నాళ్ళు చూద్దామక్కా. పొయ్యి దగ్గరే ఉండండి."

అద్దం వచ్చింది. కొళాయి ఆలస్యంగా వచ్చింది, దానికి ఇంకో రెండు మీటింగులు పట్టాయి. దువ్వుకునే టైము మాత్రం పొయ్యక్క వదలకుండా అడిగితేనే వచ్చింది. ఆ రోజు గ్లాసుల్లోకి చూసినవాళ్ళు ఇప్పుడు అద్దం ముందు వరస కడుతున్నారు. ఒకరి పాపిట ఒకరు చూసుకుంటూ, ఎవరు ఆసుపత్రికి వెళ్ళాలో, ఎవరు రక్తపరీక్ష చేయించుకోవాలో పోట్లాడుకుంటున్నారు. ట్రేలు కడిగే పెద్దామెకు థైరాయిడ్ బయటపడింది.

పొయ్యక్క పాపిట ఇప్పటికీ వెడల్పే. దాని అంచుల్లో సన్నని కొత్త వెంట్రుకలు, నీళ్ళు పోసిన మడిలో నారులా, నిటారుగా నిలబడ్డాయి. కొత్తగా చేరిన పిల్లలకు రోలర్ పట్టడం ఆమే నేర్పుతుంది. ముందు తన నెత్తి వంచి చూపించి, ఆ తర్వాతే వీపు తిప్పుతుంది.

నిన్న పొద్దున కూడా కత్తెర ఆమె భుజాల మీద రోలర్ దొర్లించింది. కాగితం చించి వెలుతురులో పట్టింది.

"ఏముందే?"

"ఒకటే దారం."

"ఎక్కడిది?"

"శాలువాది," అంది కత్తెర.

పొయ్యక్క టోపీ సరిచేసుకుని, తల ఎత్తుకుని, పొయ్యి దగ్గరికి నడిచింది.