అంచు తుడిచిన బొమ్మ

1962 జూన్ 11, సోమవారం, ఉదయం పదిన్నర గంటలకు నా బొమ్మల సేకరణ ఆరంభమయింది. మా ఇంట తొలి పట్టభద్రుణ్ణయిన నేను నెల్లూరిలో ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరి అప్పటికి నెల కాలేదు. ఆ పూట ఫోర్‌మాన్ ఒక అట్ట అంచు చింపి చేతి సిరా తుడుచుకొంటున్నాడు. అది మా పత్రికలో వారంవారం వచ్చే బొమ్మల కథకు అసలు ప్రతి. చేపలు అమ్మే ఒక పెద్దమ్మకూ, ఆమె గంపను బస్సెక్కనివ్వని కండక్టరుకూ జరిగే తగవే ఆ కథ. అచ్చులో బొటనవేలంత మసకగా కనిపించే పెద్దమ్మ ఆ అట్టపై బెత్తెడు ఎత్తున నిలిచి ఉన్నది. కుంచె ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిందో తెలుస్తున్నది. కండక్టరు ముక్కు ఒకసారి తప్పిపోగా తెల్లరంగు పూసి మరల గీసిన జాడ సైతం ఉన్నది.

మద్రాసులో అచ్చుకు కావలసిన జింకు బ్లాకు తయారై వచ్చిన పిదప అసలు బొమ్మ చెత్తబుట్టలో పడేది. అటువంటి బొమ్మలను నాకు ఇప్పించవలసిందిగా ఎడిటరుగారిని అర్థించాను.

"అయితే వాటిని మద్రాసుకు పంపే పని కూడా నువ్వే చూసుకో. ఒక్కటి పాడయినా మళ్ళా అడగొద్దు" అన్నారు.

తరువాతి బొమ్మ అంచున నీలి పెన్సిలుతో వేసిన అంకెలు కనిపించాయి. చిత్రకారులైన సాయిబుగారు బజారులో దుకాణాలకు బోర్డులు రాసేవారు. ఆ కొలతలను చేతికందిన కాగితంపైనల్లా వేసుకోవడం వారి అలవాటు. ఇదీ అటువంటి లెక్కేననుకొని, రబ్బరుతో శ్రద్ధగా తుడిచి, బొమ్మను మద్రాసుకు పంపాను.

బ్లాకు వచ్చింది. బొమ్మ ఎంత ఉన్నదో బ్లాకూ అంతే ఉన్నది. నేను తుడిచివేసినది, బొమ్మను ఎంతకు తగ్గించాలో బ్లాకులు చేసేవారికి రాసిన కొలత.

పత్రిక అచ్చు కావలసిన రోజది. బ్లాకును పెట్టి చూస్తే సగం పేజీ ఆక్రమించింది.

"ఇది పెడితే నా సంపాదకీయం యాడ పెట్టేది?" అన్నారు ఎడిటరుగారు.

నేను తప్పు ఒప్పుకొన్నాను. ఇక బొమ్మలు నాకు దక్కవని నిశ్చయించుకొన్నాను. అంతలో సాయిబుగారే వచ్చి, సంగతి విని, బ్లాకును రెండు చేతులా ఎత్తి చూశారు.

"ఏంది బి.ఏ. గారూ, మీరు చేసినారా ఈ పని?"

"క్షమించండి. బోర్డు కొలతలనుకొన్నాను."

"ఇన్నాళ్ళూ మా పెద్దమ్మను అగ్గిపెట్టెలో కుక్కినారు. ఈ వారమన్నా కాళ్ళు చాపుకోనీండి. ఏమంటారన్నా?"

"మరి నా సంపాదకీయం?" అని అడిగారు ఎడిటరుగారు.

"అది చదివేది మీరూ, ప్రూఫులు దిద్దే ఈ అబ్బాయే గదన్నా."

ఫోర్‌మాన్ ముఖం తిప్పుకొని నవ్వాడు. ఎడిటరుగారు కాసేపు బింకంగా ఉండి, చివరకు తామూ నవ్వి, సంపాదకీయాన్ని తీయించారు.

పత్రిక వెలువడిన ఉదయం నేను బస్టాండుకు వెళ్ళాను. వెంకటాచలం వెళ్ళే బస్సులో కండక్టరు టిక్కెట్లు మాని పత్రిక చూస్తున్నాడు. ఖాళీ గంప ఒడిలో పెట్టుకొన్న ఒకామె పక్కనుంచి తొంగిచూసి, "అచ్చం నీ ముక్కే" అన్నది.

"నా ముక్కు ఇంత ఉండాదా అక్కా?"

"ఇంకా తగ్గించే ఏసినారు."

బస్సంతా నవ్వింది. నేను కార్యాలయానికి వచ్చి ఈ మాటలు ఎడిటరుగారికి పొల్లుపోకుండా విన్నవించాను. ఆయన విని, "అసలు బొమ్మ ఏమైనా పాడయిందా?" అన్నారు.

"లేదండీ."

"అయితే ఉంచుకో."

ఆ వారం నుండి బొమ్మల కథ సగం పేజీలో వచ్చింది. సంపాదకీయం ఒక్క కాలమ్‌కు తగ్గింది. మద్రాసు నుండి తిరిగివచ్చిన ప్రతి బొమ్మనూ ఫోర్‌మాన్ నా బల్లపై పెట్టేవాడు.